ఎర్రగీత

తాంపెరే ఊరి చివర, సరస్సు గట్టున
మా తాత కట్టుకున్న ఆవిరిగది.
శనివారం సాయంత్రం ముగ్గురు ముసలివాళ్లు
బట్టలు విప్పి, హోదాలు విప్పి
పై బల్ల మీద కూర్చునేవాళ్లు.
విప్పనిది ఒక్కటే, పంతం.

నాకు పదేళ్లు.
కాలిన రాళ్ల మీద నీళ్లు పోయడం నా ఉద్యోగం.

'ఐదువందల ఇరవై ఎనిమిది' అనేవాడు ఓయివా.
ఇంజన్లు విప్పి బిగించిన చేతులాయనవి.
రైలుపట్టాల వెంట విమానాన్ని పోనిచ్చి
స్టేషనుకూ స్టేషనుకూ మధ్య తానే గడియారం నొక్కాడట.
'నాలుగువందల తొంభై. అదీ కిందికి దిగుతూ'
అనేవాడు ఏవర్ట్, నక్షాల గదిలో పెన్సిళ్లు అరగదీసినవాడు.
మా తాత సూలో ఏ అంకె మీదా నిలబడేవాడు కాదు.
'ఏ ఎత్తులో? ఎంత చలిలో?' అని ఎగదోసి
తీరిగ్గా చెమట తుడుచుకునేవాడు.

యుద్ధం ముగిసి నలభై రెండేళ్లు.
ఆ విమానాల్లో ఒక్కటీ మిగల్లేదు.
బిర్చి చెక్కతో చేసినవి,
వానలో నిలబెడితే పాత తలుపుల్లా ఉబ్బాయట,
ఆఖరికి ఎవరెవరి పొయ్యిల్లోకో పోయాయట.
మిగిలింది వేగం ఒక్కటే,
దస్తావేజు లేని పొలంలా
ముగ్గురు వారసులకు.

ఆవిరి పట్టిన కిటికీ మీద
ఏవర్ట్ వేలితో లెక్క వేసేవాడు.
పైకి పోయేకొద్దీ గాలి పలచన,
ముల్లు చూపించేది నిజం కాదు,
గాలి ఒప్పుకున్నంత నిజం, అనేవాడు.
జవాబు వచ్చేలోగా అంకెలు కారిపోయేవి.
'కారింది నీ లెక్క, నా విమానం కాదు' అనేవాడు ఓయివా.
ఎవరు పట్టిన కుందేలుకు వాళ్లు మూడే కాళ్లు.
తాత నాకు సైగ చేసేవాడు. ఒక గరిటెడు నీళ్లు.
భుస్సుమని ఆవిరి లేచి
అందరి నోళ్లూ కాసేపు మూసేది.

అక్టోబరులో ఒక శనివారం,
సరస్సు ఇంకా గడ్డకట్టలేదు,
అమ్మమ్మ సాయిమి కాఫీ తెచ్చి
బయట నిలబడి ఎంతసేపు విందో తెలియదు.
తలుపు జానెడు తెరిచి, ముఖం పక్కకు తిప్పుకుని అడిగింది.
'ఎర్రగీత గుర్తుందా మీలో ఎవరికైనా?'

మాట ఆగింది.

'ఆల్పో రెక్క ఊడి పడిపోయిన వారం
జిగురును నమ్మలేమని పైనుంచి కాగితం వచ్చింది.
ప్రతి వేగం డయలు మీదా గీత గీయమన్నారు,
నాలుగువందల యాభై దగ్గర, దాటొద్దని.
సన్నకుంచె పట్టడం వచ్చింది నాకే.
పంతొమ్మిదేళ్లు.
ఆల్పో రెక్కకు జిగురు కలిపింది నేనో, హిల్యానో,
ఆ పుస్తకంలో సంతకం లేదు.
చెయ్యి వణికింది.
కొన్నిటి మీద గీత వెంట్రుకంత ముందుకు పోయింది,
కొన్నిటి మీద వెనక్కి.
తుడిచి మళ్లీ గీయడానికి రంగు చాలదు.
ఆ కుర్రాళ్లు నా గీతను చూసుకునే ఎగిరారు.
మీ ఐదువందలు నాకు తెలియవు.
కాఫీ చల్లారుతోంది.'

తలుపు మూసుకుంది.

నేను గరిటె పట్టుకుని సైగ కోసం చూశాను.
తాత తన పాదాలనే చూసుకుంటున్నాడు.
ఇన్నేళ్ల కాపురంలో ఈ మాట
ఆయనకూ ఇప్పుడే చేరిందని నాకర్థమైంది.
ఏవర్ట్ కిటికీని అరచేత్తో తుడిచేశాడు.
అద్దం అవతల మసక సరస్సు, కట్టేసిన పడవ.

ముగ్గురూ వెళ్లి చన్నీళ్లలో మునిగి లేచారు.
తువ్వాళ్లు చుట్టుకుని, పళ్లు కటకటలాడుతూ
చల్లారిన కాఫీ తాగారు.
పంచదార తక్కువైందని ఎవరూ అనలేదు.

చీకటి పడ్డాక, బూట్లు తొడుక్కుంటూ
ఎవరి వైపూ చూడకుండా ఓయివా గొణిగాడు.
'అయినా ఆ రోజు, పట్టాల దగ్గర,
ఎదురుగాలి ఉండింది. పడమటి గాలి.'

'తూర్పు' అన్నాడు ఏవర్ట్.